చెక్క మేడ కిర్రుమంది

కిర్రుమన్న ఒక చప్పుడు విని, ఐదంతస్తుల మేడను భోజనాల వేళ ఖాళీ చేయించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. ముందే నీళ్లు తాగి కూర్చోండి, మధ్యలో పొలమారితే నా పూచీ లేదు.

అందరి చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చి, విందుల్లో అన్నం కన్నా సెల్ఫీలు ఎక్కువైన రోజులవి. విజయనగరంలో, భవనాలు భద్రంగా ఉన్నాయో లేదో తనిఖీ చేసే ఒక చిన్న సంస్థలో నేను ఇంజినీరుగా కొత్తగా చేరాను. చదువు వేడి ఇంకా చల్లారలేదు. బస్సెక్కినా అందులో అత్యవసర ద్వారం ఎక్కడుందో చూసి గానీ కూర్చునేదాన్ని కాదు.

ఆ రోజుల్లోనే శ్రీకాకుళం తీరాన చేపల వ్యాపారి రమణయ్యగారు ఓ లాడ్జి కట్టించారు. మొత్తం చెక్కే. పలకల మీద పలకలు జిగురుతో అతికించి, గట్టిగా నొక్కి చేసిన లావుపాటి స్తంభాలు, దూలాలు. చుట్టుపక్కల ఎవరూ అలాంటిది చూసి ఎరగరు. ఉన్న పడవలు అమ్మి మరీ కట్టారాయన. మేము సరేనంటేనే లాడ్జి తెరవాలి.

మా పెద్ద ఇంజినీరు మూర్తిగారూ నేనూ అక్కడ కలిసి తనిఖీ చేయాలి. నేను బస్సులో బయల్దేరాను. ఆయన కారు నరసన్నపేట దగ్గర ఆగిపోయింది. ఫోన్ చేశారు.

"నువ్వు వెళ్లి మొదలుపెట్టమ్మా. చూడు, రాసుకో. నేను వచ్చేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకు."

ఆయన చెప్పినదాంట్లో "మొదలుపెట్టు" అన్నది తప్ప నా చెవికి ఇంకేమీ ఎక్కలేదు.

నేను వెళ్లేసరికి లాడ్జి తెరవకముందే బంధువులతో కిటకిటలాడుతోంది. పై అంతస్తులో విందు. కొత్త చెక్క మీద గీతలు పడతాయని అందరి చెప్పులూ గుమ్మం బయటే విప్పించారు. నేనూ వంగబోతే రమణయ్యగారి భార్య అప్పలనర్సమ్మ ఆపింది.

"నువ్వొద్దులే తల్లీ. ఆఫీసరువి కదా, ఏసుకునే రా."

ఆ గౌరవానికి నేను రెండంగుళాలు పెరిగాను.

రమణయ్యగారు పక్కన నడుస్తూ భయంభయంగా అడిగారు. "నిప్పంటుకుంటే సెక్క కాలిపోద్ది కదా అంతన్నారు జనం. మరేటమ్మా?"

"ఇంత లావు చెక్క తొందరగా కాలదండీ. పైపొర బొగ్గయి లోపలిదాన్ని కాపాడుతుంది" అన్నాను, ఆ సంగతి నేనే కనిపెట్టినంత ధీమాగా.

"మా తాత సెక్క మీదే సముద్రంలోకి ఎల్లీవోడు. నాను ఈ సెక్క మీద పడుకోడానికి బయపడతానేటి?" అని ఆయన మురిసిపోయారు.

రెండో అంతస్తు దాకా బంధువుల గోల, అంతా బాగుంది. జనం లేని మూడో అంతస్తులో అడుగు పెట్టానో లేదో, కిర్ర్!

ఆగాను. చప్పుడూ ఆగింది. అడుగేశాను. కిర్ర్!

నా గుండె తీన్‌మార్ కొట్టింది. భయంతో అనుకున్నారా? అబ్బే, ఆనందంతో! మొదటి తనిఖీలోనే లోపం పట్టేశాను!

"రమణయ్యగారూ, మీరోసారి ఇలా నడవండి."

ఆయన నడిచారు. చప్పుడు లేదు. మనిషి నాకు రెండింతలుంటారు.

"అటూ ఇటూ గెంతండి."

పాపం, గెంతారు. ఊహూ.

నేను నడిచాను. కిర్ర్, కిర్ర్.

ఇంకెవరికైనా అనుమానం వచ్చేది. నాకు సిద్ధాంతం వచ్చింది. నా నడక వేగానికి మేడ లోలోపల ఊగుతోంది, ఆయన నడకకు ఊగడం లేదు! ఇలాంటిది కాలేజీ పుస్తకంలో చదివాను కూడా.

నాలుగో అంతస్తు, కిర్ర్. ఐదో అంతస్తులో విస్తర్ల మధ్య నడిస్తే మరీ గట్టిగా కిర్ర్. ఇక ఆగలేక గోడనున్న ప్రమాద ఘంట నొక్కేశాను.

"అందరూ దిగండి! మేడ ప్రమాదంలో ఉంది!"

"ఓలమ్మా! బేగి దిగండర్రోయ్!"

విస్తరి వదిలినవాళ్లు తక్కువ. పులుసు గిన్నె చంకనెట్టుకున్న ముసలమ్మ నన్ను దాటుకుని వెళ్లిపోయింది. ఒకాయన పరుగులోనూ ముద్ద మింగుతూనే ఉన్నాడు. ముందు మెట్ల వాళ్లు చకచకా దిగిపోయారు. వెనక మెట్ల వాళ్లు కింద తలుపు దగ్గర ఇరుక్కున్నారు. అది లోపలికి తెరుచుకునే తలుపు. వీళ్లేమో బయటకు తోస్తున్నారు. "వెనక్కి జరగండి, వెనక్కి!" అని నా గొంతు బొంగురుపోయాకే అది తెరుచుకుంది.

అందరూ బయటపడ్డారు. రమణయ్యగారు రోడ్డవతల కూలబడి మేడకేసి చూస్తున్నారు.

"పడవలన్నీ అమ్మేసినాను తల్లీ. ఇది పడిపోద్దేటి?"

ఆ ముఖం చూడగానే నా ఉత్సాహమంతా జారిపోయింది. ఓదారుద్దామని సిమెంటు దారి మీద ఆయన వైపు నడిచాను.

కిర్ర్. కిర్ర్. కిర్ర్.

జనమంతా ఇటు తిరిగారు. అప్పలనర్సమ్మ నా కాళ్లకేసి చూసింది. ముందురోజే కొన్న కొత్త బూట్లు.

"తల్లీ, ఈ సిమ్మెంటు దారి కూడా పడిపోద్దేటి?"

అప్పుడు లేచిన నవ్వుకి మేడ పడకపోవడమే దాని గట్టితనానికి రుజువు. బూట్లు విప్పి, వట్టికాళ్లతో ఐదంతస్తులూ ఎక్కి దిగాను. ఒక్క చప్పుడుంటే ఒట్టు.

దిగేసరికి మూర్తిగారు ఆటోలో వచ్చారు. రోడ్డు మీద విస్తర్లతో నిలబడ్డ జనాన్ని చూసి నోరు తెరిచారు.

"ఏమిటిదంతా?"

నేను బూట్లు వీపు వెనక్కి దాచుకున్నాను. రమణయ్యగారే అందుకున్నారు. "ఏటీ నేదు బాబూ. పెమాదమొస్తే జనం ఎంత బేగి దిగుతారో అమ్మాయిగోరు సూసినారు."

"భోజనాల మధ్యలోనా?" మూర్తిగారు నా వైపు తిరిగారు. "మరి ఏం తేలింది?"

"వెనక తలుపు బయటకు తెరుచుకునేలా మార్చాలి సార్" అన్నాను గబగబా. నిజంగానే మార్చాల్సిన తలుపది. ఆయన అంతా మళ్లీ చూసి, అదొక్కటే లోపమని తేల్చారు.

తలుపు మార్చాక లాడ్జి తెరిచారు. ఆ రోజు విందుకు నన్నూ పిలిచారు. మెట్లెక్కబోతుంటే అప్పలనర్సమ్మ చెయ్యి పట్టుకుని బయట పందిరి కిందకి లాక్కెళ్లింది.

"నీకు ఇస్తరి ఇక్కడేసినాను తల్లీ. తింతా తింతా మళ్లీ అందర్నీ దించీకు."

అందుకని, ఎదురుగా ఉన్న ఆ సముద్రం సాక్షిగా, నోట్లో వంజరం చేప ముక్క సాక్షిగా అప్పుడే శపథం చేశాను. ఈ జన్మలో మరే మేడా కూలిపోతోందని ప్రకటించను. ఒకవేళ నిజంగానే కూలేలా ఉన్నా, పెరుగన్నం దాకా వచ్చారా లేదా అని ముందు కనుక్కుంటాను.