ఆ పొద్దున తడిసి ఉన్న పడవ

మా చిన్నప్పుడు... కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే మా కుప్పంలో, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లెలో, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి! గాలివాన లేదు, పండగా కాదు. మా కుప్పానికి పెద్ద, అందరం కాపు తాత అని పిలుచుకునే ఆయన పోయాడని అమ్మ చెప్పింది.

పెద్ద గానీ ఆయన భార్య గానీ పోతే మట్టి చేసేదాకా ఎవరూ చేపల వేటకు పోకూడదు. పోతే ఆ పడవను ఏడాదిపాటు నీళ్లలో దించనివ్వరు. అది మా కట్టుబాటు.

తాత రోజూ రేవులో నిలబడి వేట నుంచి వచ్చినవాళ్లను "నీళ్లెట్టుండాయిరా?" అని అడిగేవాడు. చేపల సంగతి ఆ తర్వాతే...

ఆ రోజు అందరూ తాత ఇంటి ముందు కూర్చుని ఉండగా మా వెంకటేశు మామ రేవు నుంచి వచ్చాడు. అమ్మకు సొంత తమ్ముడు.

"అన్ని పడవలూ ఎండిపోయుండాయి. ఒక్కటి మాత్రం అడుగంతా తడి."

మా పడవే! అందరూ నాన్న వైపు తిరిగారు.

"ఏం బావా, పీనుగ ఇంట్లో ఉండంగానే పీతలు పిలిచినాయా?"

నాన్న మాట్లాడలేదు.

"వల పొడిగానే ఉండాది గదరా" అంది అమ్మ.

"ఇంకోటి యాడన్నా దాచుంటాడ్లే అక్కా."

ఒకాయన మా గంప తిరగేసి వాసన చూశాడు. ఇంకొకాయన నాన్న చెయ్యి పట్టుకుని గోళ్లలో పొలుసు కోసం వెతికాడు. నా పక్కనున్న పిల్లలు దూరం జరిగారు... ఒక్క మాట చెబితే పోయేదానికి నాన్న నోరు విప్పడే! చివరికి నాకూ అనుమానం వచ్చింది. పడవ ఆగిపోతే మేం ఏం తినాలి?

అప్పుడు తాత భార్య కామాక్షవ్వ బయటికి వచ్చింది.

"వాణ్ణి కదిలించమాకండి. అలలు దాటి పోయి మీ కాపుకి లోపలి నీళ్లు తెచ్చినాడు. బోరు నీళ్లు పొయ్యొద్దని ఆయనే అడిగిపోయినాడు. ఆ నీళ్లు ఒంటిమీద పడేదాకా తెచ్చినోడు మాట్లాడకూడదు."

నాన్న తెచ్చిన బిందెడు నీళ్లతో తాతకు స్నానం చేయించారు. చివరి చెంబు పోశాక నాన్న వంగి, తాత చెవి దగ్గర అన్నాడు...

"నీళ్లు తేటగా ఉండాయి కాపూ."

అందరికంటే గట్టిగా ఏడ్చింది వెంకటేశు మామే.

ఇప్పుడు నేను నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను. కొత్త మాట దొరికితే పదిమందికి చెప్పందే ఊరుకోలేను. ఈరోజు కామాక్షవ్వ పోయిందని కబురు వస్తే ఊరికి వచ్చాను. రేవులో సగం పడవలు లేవు... కట్టుబాటు మరిచి వేటకు పోయాయి. నీళ్లెలా ఉన్నాయో ఫోనే చెబుతుంది. అడిగే కాపు లేడు.

నాన్న బిందె తోమి బోర్లించాడు. "అవ్వక్కూడా లోపలి నీళ్లే. తెల్లారకముందే పోదాం. పోసేదాకా నోరు తెరవకూడదు... నీ వాగుడుకి చాతనవుద్దా?"

మీ ఊళ్లో పెద్దలు పోతే ఏ పని ఆగేదో రాయండి... రేపు నాకు మాట తిరిగొచ్చాక చదువుతాను. పొద్దున రేవులో తడి పడవలు చాలానే ఉంటాయి. మా పడవ దగ్గర ఒక్కరైనా ఆగి, అనుమానంగా చూస్తే బాగుండు...