గుంజ లాగిన ఆదివారం

బొగ్గుగని కార్మికులుండే సెంటినరీ కాలనీలో ఆ క్వార్టర్ల వరుసలో ఎవరినడిగినా భూపాల్ మంచోడనే చెబుతారు. చందా అడిగితే కాదనడు. ఎవరింట్లో చావైనా పాడె కట్టడానికి ముందుంటాడు. సందులో పిల్లలకు ఐస్‌క్రీములు కొనిపెడతాడు. బయట ఇంత మంచితనం పంచిపెట్టి వచ్చేవాడికి ఇంట్లో పెట్టడానికి ఇంకేం మిగులుతుంది? పెళ్లాం మమతకు మిగిలింది వాడి చెయ్యి.

కూరలో ఉప్పెక్కువైతే ఒకటి, తక్కువైతే రెండు. అడగకముందే నీళ్లు పెడితే "నన్ను జల్ది పొమ్మంటున్నవా" అని కొట్టేవాడు. అడిగాక పెడితే "చెవుడా నీకు" అని కొట్టేవాడు. ఒకసారి ఆమె ఎడమ మణికట్టును తలుపు సందులో పెట్టి నొక్కాడు. దవాఖానలో కట్టు కడుతుంటే "వాకిట్ల జారిన" అని మమతే చెప్పింది. ఎముక అతికింది గానీ ఆ చెయ్యి ఇప్పటికీ సరిగా తిరగదు. నిండు గిన్నె వంచాలంటే రెండో మనిషి పట్టుకోవాల్సిందే.

దెబ్బలకు ముందు ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. కూతురు సారలమ్మ లేచి కిటికీ రెక్కలు మూస్తుంది, టీవీ సౌండు పెంచుతుంది. మేడారం జాతర ముగిసిన వారంలో పుట్టింది కాబట్టి ఆ తల్లి పేరు పెట్టుకున్నారు. ఇంట్లో మాత్రం సార అంటారు. కిటికీలు మూయడం ఆ పిల్లకు ఎక్కాలకంటే ముందొచ్చిన విద్య, నేర్పింది మమతే. గోడకవతల లస్మవ్వ ఉంటుంది, కొడుకు క్వార్టర్లో ఉండే ముసలామె. తెల్లారి నువ్వుల నూనె వేడి చేసి తెచ్చి మమత వీపుకు రుద్దుతుంది, ఏమైందని మాత్రం అడగదు. ఆ అడగకపోవడానికి కాలనీలో మర్యాద అని పేరు. కాల్చనా అలాంటి మర్యాదను!

మమత తండ్రి ఎల్లన్న బొగ్గుబాయిలో టింబర్‌మన్. లోపల కప్పు కూలకుండా కర్రగుంజలు నిలబెట్టే పని. ఇనుపకడ్డీతో కప్పును కొట్టి చెవొగ్గి వినేవాడు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే వెనక్కి నడవాల్సిందే. "కప్పు చెప్పకుండ కూలది బిడ్డా, ఇనే చెవుండాలె" అనేవాడు. మమత ఆ విద్యను కాపురంలో వాడుకుంది. మొగుడు గడపలో చెప్పులు విడుస్తుండగానే "చాయ్ పెట్టాల్నా?" అని ఒక మాట విసిరేది. తిరిగొచ్చే గొంతును బట్టి సారను లస్మవ్వ ఇంటికి పంపేది, లేదా ఉండనిచ్చేది.

పోయిన నెల ఆ విద్య కూడా అక్కరకు రాలేదు. స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతూ సార పకపకా నవ్వింది. నవ్వినందుకు భూపాల్ బెల్టు తీశాడు. బాయిలో దీపం బ్యాటరీ తగిలించుకునే మందపాటి తోలు బెల్టు అది. పిల్ల పిక్కల మీద చర్మం లేచిపోయింది. బిడ్డ మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. తన ఒంటి మీద పడ్డ ఏ దెబ్బా మమతను అంతగా కాల్చలేదు. ఆ వాతలకు వెన్న రాస్తూ ఆమె ఒక్కటే అనుకుంది. ఇంకోసారి వాడి చెయ్యి దీని మీదికి లేస్తే ఇక ఈ ఇంటిని నేను మొయ్యను.

ఆ రాత్రి తండ్రి చెప్పిన ఇంకో ముచ్చట గుర్తొచ్చింది. బొగ్గంతా తీసేశాక ఆ చోటును ఊరికే వదలరట. తాము నిలబెట్టిన గుంజలకు తామే గొలుసు కట్టి, దూరం నుంచి లాగి, కప్పును కావాలని కూలుస్తారట. "ఎందుకు నాయినా, నిలవడ్డదాన్ని కూలగొట్టుడు?" అని చిన్నప్పుడు అడిగింది. "కూలగొట్టకుంటె గా బరువంత మనుషులు పనిచేసే పక్క జాగ మీద వడ్తది బిడ్డా" అన్నాడు ఎల్లన్న. ఆమె పక్క జాగాలో ఉన్నది సార.

ఇంతలో బటర్ చికెన్ వచ్చిపడింది. భూపాల్‌కు బాయి లోపలి డ్యూటీ విసుగు పుట్టి పైన పనికి రావాలని ఉంది. అందుకు అండర్ మేనేజర్ రాంప్రసాద్ మాట సాయం కావాలి. రాంప్రసాద్ కోస్తా మనిషి, ధన్‌బాద్‌లో గనుల చదువు చదివి ఉత్తరాది తిండికి అలవాటుపడ్డాడు. ఒకరోజు భూపాల్ టిఫిన్లోని కూర నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మీ ఇళ్లల్లో కారం తప్ప బటర్ చికెన్ లాంటివి వండరా ఏంటి?"

"మా ఇంటిది ఏదన్న చేస్తది సార్. ఐతారం పగటీలి బువ్వకు మేడంను తోలుకొని రాండ్రి" అన్నాడు భూపాల్. బటర్ చికెన్ నల్లగుంటుందో తెల్లగుంటుందో వాడికి తెలియదు. కోతలకు ఏం పోయింది, వండేది వాడా?

మమత ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. అందులో మాటలు హిందీ అయినా చేతులను చూస్తే సగం అర్థమైంది, మిగతా సగం సార చెప్పింది. బజారు క్రీము ఎందుకని రోజూ పాల మీద మీగడ తీసి దాచింది. కసూరి మేథీ కోసం మెంతికూర నీడన ఆరబెట్టి, పెనం మీద వెచ్చచేసి, అరచేతుల్లో నలిపింది. ఆదివారం పొద్దున్నే కోడిని పెరుగు, అల్లంవెల్లుల్లిలో నానబెట్టి, రంగునిచ్చే కశ్మీరీ మిరప్పొడి పట్టించి, ముక్కలను పెనం మీద మాడేలా కాల్చింది. టమాటా, ఉల్లి, జీడిపప్పు ఉడికించి మెత్తగా రుబ్బింది. దాన్ని జల్లెడలో వడకట్టాలి. చెయ్యి తిరగదు కదా, సార గిన్నె వంచితే మమత కుడిచేత్తో గరిటె తిప్పింది. వెన్న కరిగి, ముద్ద దగ్గరపడి, మీగడ కలిశాక చిటికెడు చక్కెర వేసింది. గిన్నె అంతా ఎర్రగా, మెరుస్తూ వచ్చింది.

"అమ్మా, హోటల్ల గూడ గిట్ల రాదే" అంది సార, వేలు ముంచి నాకుతూ. మమత నవ్వింది. తన చేతి వంటను చూసుకుని నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు.

భూపాల్ స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఎర్రటి రంగు చూసి సంతోషంగా గరిటెడు నోట్లో పోసుకున్నాడు. మొహం మాడింది.

"ఏందే ఇది? తియ్యగున్నది!"

"గది గట్లనే ఉంటది. సార్ తినేది గదే."

"చుట్టానికి చప్పటి కూర పెట్టి నా ఇజ్జత్ తీస్తవా? బాలింతకు వండినవా, నాకు వండినవా?" అంటూ డబ్బా మూత తీశాడు. ఇంట్లో పట్టించిన కారం, ముక్కు దగ్గర పెడితేనే తుమ్ములొచ్చేది, గుప్పిళ్లతో తీసి గిన్నెలో కుమ్మరించాడు. వద్దంటూ మమత వాడి చెయ్యి పట్టుకుంది. అంతే. జుట్టు పట్టి ఆమె మొహాన్ని గ్యాస్ పొయ్యి గట్టుకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. కింద పడితే డొక్కలో తన్నాడు, లేవబోతే మళ్లీ తన్నాడు. గరిటె ఎగిరి గోడకు తగిలింది.

సార అలవాటు కొద్దీ కిటికీ వైపు పరుగెత్తింది. నేల మీద నుంచే మమత అంది, "ముయ్యకు బిడ్డా. ఉండనియ్యి."

ఆ మాట భూపాల్‌కు అర్థం కాలేదు. బయట కారు ఆగిన చప్పుడు మాత్రం అర్థమైంది. చటుక్కున చొక్కా సర్దుకున్నాడు. "మొఖం కడుక్కో" అని పళ్ల సందునుంచి ఉమ్మినట్టు అని, నవ్వు మొహం తగిలించుకుని గుమ్మంలోకి వెళ్లాడు. ఊసరవెల్లికైనా రంగు మారడానికి కాస్త టైము పడుతుంది.

మమత మొహం కడుక్కోలేదు. జుట్టు ముడి వేసుకుంది, అంతే.

రాంప్రసాద్, అతని భార్య ప్రసూన చాప మీద కూర్చున్నారు. "అయ్యో, పెదవికి ఏమైందండీ?" అంది ప్రసూన.

"బాత్రూంల జారింది మేడం" అన్నాడు భూపాల్.

సార గిన్నె వంచి పట్టుకుంటే మమత అందరికీ వడ్డించింది. రాంప్రసాద్ రొట్టెముక్క ముంచి నోట్లో పెట్టుకుని, మింగలేక, కక్కలేక దగ్గాడు. కళ్లు ఎర్రబడ్డాయి. మంచినీళ్లు తాగినా దగ్గు ఆగలేదు.

భూపాల్ పెద్దగా నవ్వాడు. "ఎంత జెప్పినా ఇనది సార్ ఇది. కారం కుమ్మరియ్యకుంటె దీని చెయ్యి ఊకుండది."

"కారం పోసింది నువ్వే గద నాయినా" అంది సార.

భూపాల్ పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. మెల్లగా లేచాడు. గొంతు కూడా మెత్తగానే ఉంది. "లోపటికి రా బిడ్డా. నీతోని పనున్నది." ఎడమచెయ్యి బెల్టు మీదికి పోయింది.

ఆ గొంతు డొల్లగా మోగింది. మమత గరిటె కింద పెట్టి, కూతురికీ మొగుడికీ మధ్య నిలబడింది.

"అది రాదు. సార్, నేను జారలే. ఇప్పుడే కొట్టిండు, మీ కారు ఆగకముందు. ఈ చెయ్యి తలుపుల వెట్టి ఇరగ్గొట్టిండు. పోయిన నెల బిడ్డను బెల్టుతోని కొట్టిండు. కాలు సూపియ్యి సారా."

ఎప్పుడూ ఆ ఇంటిని మోసిన గుంజ మమత మౌనమే. ఆమె దాన్ని లాగేసింది. సార లంగా అంచు కొంచెం ఎత్తింది. ప్రసూన చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

భూపాల్ గిన్నెను కాలితో తన్నాడు. వేడి కూర గోడ మీదికీ, చాప మీదికీ, మమత పాదాల మీదికీ చిమ్మింది. ఆమె మెడ పట్టి గోడకేసి గుద్దాడు, పిడికిలితో చెంప మీద కొట్టాడు. ఆపబోయిన రాంప్రసాద్‌కు మోచెయ్యి తగిలి కళ్లద్దాలు పగిలాయి, ముక్కులోంచి రక్తం కారింది. తాను కొట్టింది ఆఫీసర్నని కూడా వాడికి సోయి లేదు. ఆ ఒక్క క్షణం పట్టు సడలగానే మమత సారను, ప్రసూనను ముందుకు నెట్టి, కాలిన పాదాలతో రోడ్డు మీదికొచ్చింది. రాంప్రసాద్ వెనకే వచ్చాడు.

లోపల పళ్లాలు, కుర్చీలు, చివరికి టీవీ. ఒక్కొక్కటీ పగులుతున్నాయి. తెరిచిన కిటికీల్లోంచి వాడి బూతులు వరుస మొత్తానికీ వినిపించాయి. జనం పోగయ్యారు. ఇద్దరు మగవాళ్లు లోపలికి పోబోతే మమత చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవ్వలు పోకుండ్రి. కూలేది కూలనియ్యుండ్రి. నడుమ పోయినోడే సస్తడు."

కాసేపటికి చప్పుడు ఆగింది. భూపాల్ గుమ్మంలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నిండా ఎర్రటి మరకలు. ఎదురుగా సందంతా నిలబడి ఉంది, వాడి చందాలు అందిన ఇళ్లు, వాడి ఐస్‌క్రీములు తిన్న పిల్లలు. వాడు అందరినీ చూసి, తన గోడ పక్కనే ఉన్న లస్మవ్వ వైపు తిరిగి నవ్వబోయాడు.

"ఏం లేదవ్వా. జారి వడ్డది."

"నేను ఇన్న కొడుకా" అంది లస్మవ్వ. "ఇయ్యాల్నే గాదు, మీరు ఈ క్వార్టర్ల దిగినకాడి నుంచి ఇంటున్న. గా గోడ నాది గూడ."

మమత ఆ మాటకు గిరుక్కున తిరిగింది. వీపుకు నూనె రుద్దిన చేతులను చూసింది. ఇన్నేళ్లు మొగుడి మీద రావాల్సిన కోపంలో సగం ఆ ముసలామె మీదికి వచ్చింది.

"ఇన్నవు గదా! ఇని ఊకున్నవు గదా అవ్వా! మరి గీ ముచ్చట పోలీస్ స్టేషన్ల జెప్తవా?"

లస్మవ్వ తల దించుకుంది. తన ఇంట్లోకి వెళ్లిపోయింది. సార తల్లి కొంగు పట్టుకుంది. రాంప్రసాద్ ముక్కుకు రుమాలు అదుముకుని కారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

లస్మవ్వ మళ్లీ బయటికి వచ్చింది. కాళ్లకు చెప్పులు వేసుకుంది.

"నడువు బిడ్డా" అంది.