పసుపు కాళ్ళతో బాస్కెట్‌బాల్

ఢిల్లీ ఆర్.కె. పురంలో మా గవర్నమెంటు క్వార్టర్‌కు రెండు సౌకర్యాలుండేవి. ఒకటి కూలర్. రెండోది ఆ కూలర్ నీళ్ళలో పుట్టి పెరిగి, నా కాళ్ళ మీదికి భోజనానికొచ్చే దోమలు. అవి కుట్టిన చోటల్లా నేను గోకడం, గోకిన చోటల్లా నల్ల మచ్చ. పదో తరగతికొచ్చేసరికి మోకాళ్ళ కింద ఖాళీ జాగా లేదు. మండుటెండలో కూడా ట్రాక్ ప్యాంటు వేసుకునే బడికెళ్ళేదాన్ని.

వచ్చిన చిక్కల్లా శనివారం బాస్కెట్‌బాల్ ఫైనల్‌తోనే. షార్ట్స్ వేసుకోకపోతే కోచ్ కోర్టులోకి రానివ్వడు. ఆడాలని ప్రాణం కొట్టుకుంటోంది, కాళ్ళు చూపించాలంటే ప్రాణం పోతోంది.

కాలనీ ఆంటీలంతా అప్పటికే డాక్టర్లయిపోయారు. ఒకావిడ నిమ్మరసం అంది. రాశాను, ఆ మంటకి ఇల్లంతా గంతులేశాను. ఇంకొకావిడ టూత్‌పేస్ట్ అంది. అదీ అయింది, కాళ్ళు ఘుమఘుమలాడాయి. చివరికి అసలు డాక్టరు దగ్గరికెళ్తే, గోకొద్దు, ఎండ తగలనివ్వొద్దు, కొన్ని నెలల్లో అవే తగ్గుతాయి పొమ్మన్నాడు.

"మందే రాయలేదు, ఆయనేం డాక్టరే!" అని అమ్మ తీసిపారేసింది. శుక్రవారం సాయంత్రం తన పాదాలకు రాసుకునే పసుపే నా కాళ్ళకూ దట్టంగా పట్టించింది. "పొద్దున్న చూడు, ఎలా మెరుస్తాయో!"

మెరవకేం, మెరిశాయి! సబ్బుతో ఎంత తోమినా పసుపు దిగితే ఒట్టు. ఢిల్లీలో ఆడపిల్ల కాళ్ళకు అంత పసుపంటే పెళ్ళనే అర్థం. గేటు దగ్గరే పక్కింటి ఆంటీ, "అచ్ఛా, షాదీ హై క్యా?" అని బుగ్గలు నొక్కుకుంది. కోర్టు దగ్గర మా టీమే పెళ్ళిపాట అందుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. "నేనాడను" అని బ్యాగు సర్దేశాను.

చూడ్డానికొచ్చిన అమ్మ బెంచీ మీంచి లేచింది. ఆవిడ హిందీ కూరగాయల బండి దాటి ఎరగదు.

"షాదీ నహీ! మచ్ఛర్ కాటా! బహుత్ కాటా! దాగ్ హై, దాగ్!" అని కోర్టంతా దద్దరిల్లేలా అరిచి, నా వైపు తిరిగింది. "నువ్వాడవే!"

దోమలు కుట్టిన సంగతీ, మచ్చల సంగతీ ఒక్క కేకతో రెండు స్కూళ్ళకీ తెలిసిపోయింది. ఇక దాచుకోవడానికేం మిగిలింది నా మొహం? బ్యాగు కింద పడేసి కోర్టులోకి నడిచాను.

ఆ మచ్చలు డాక్టరు చెప్పినట్టే మెల్లగా వాటంతటవే పోయాయి. అమ్మ మాత్రం ఇప్పటికీ పసుపు మహిమే అంటుంది. అననీ. ఆ రోజు నన్ను ఆడించింది డాక్టరైతే కాదు కదా.