పిల్లల మేడం రాసుకున్న మాట

"ఆ మాట కొట్టేస్తవా, గది ఖాళీ చేస్తవా?" అన్నాను నేను.

"కొట్టెయ్యడం కుదరదమ్మా. పాప చెప్పిందే రాశాను," అంది మేడం.

"ఏడేండ్ల పోరి చెప్తే రాసుకున్నవ్. నన్ను అడిగినవా?"

"నా పరిశోధన పిల్లల మీదమ్మా, పెద్దల మీద కాదు."

"మరి నన్నెందుకు రాసినవ్?"

ఆ రోజుల్లో నాకు అరవై కూడా నిండలేదు. ఇప్పటి మోకాళ్లతో చూస్తే అది పడుచుదనమే, కోపమూ పడుచుదే. శంషాబాద్‌లో మా ఇంటి పైగది ఆమెకు కిరాయికి ఇచ్చాను. మనుషుల గురించి చెప్పే ప్రొఫెసరట. (నేను రెండో తరగతితో ఆపినదాన్ని, మనుషులను ఊరికే చూసి తెలుసుకున్నాను.) పేద పిల్లలు ఎలా పెరుగుతున్నారో అడగడం, రాయడం, విమానమెక్కి ఇంకో దేశంలో అది చదివి రావడం, ఇదీ ఉద్యోగం. ఆమె ఎన్నిసార్లు పోయివచ్చినా మా గల్లీ పిల్లల ముక్కులు కారుతూనే ఉన్నాయి.

రాసింది ఇంటివాళ్లకు వినిపించడం వాళ్ల పద్ధతట. ఆ సాయంత్రం అలాగే చదివింది: 'నాయనమ్మ ఒక్క పెన్సిలును రెండు ముక్కలు చేసి ఇద్దరు పిల్లలకు ఇస్తుంది. కోడిగుడ్డయినా అంతే. ఆమె నవ్వగా పిల్ల ఎప్పుడూ చూడలేదు.' అంతా నిజమే. (ఆఖరిది కూడా.) మేడం ఇచ్చే బిస్కెట్ల కోసం పక్కింటి పిల్లలు నాన్న లేడని, అన్నం లేదని ఎన్ని అబద్ధాలు చెప్పలేదు! మా మనవరాలికే సత్యం పుట్టుకొచ్చింది. అది దేశదేశాలు తిరిగితే నా పరువేం కావాలి?

"నేను తప్పు చెప్పిన్నా నాయనమ్మా?" అంది పిల్ల.

"నోర్ముయ్. తప్పు చెప్పినా బాగుండు."

మర్నాడు పొద్దున మేడం ప్రయాణానికి తయారై, పెట్టె వాకిట్లో పెట్టి, వంటింట్లో నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "మిమ్మల్ని అడగలేదన్నారుగా, చెప్పండమ్మా. ఏడేళ్లప్పుడు మీరేం చేసేవారు?"

నా మంచితనం రెండు మాటల్లో చెప్పి పంపేద్దామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే కలుపు తీసిన చేను, బడి మాన్పించిన రోజు, మా అవ్వ చేతి దెబ్బలు, ఇంతవరకు ఎవరూ అడగనివన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. బయట క్యాబు డ్రైవరు మూడుసార్లు హారన్ కొట్టి, "అమ్మా, ఫ్లైటు పోతది!" అని అరిచాడు.

"జర ఆగు బిడ్డా, నాకింకా ఎనిమిదేండ్లు రాలే!" అన్నాను.

ఆ మాట కొట్టేయమని అడగడమే మరిచాను. ఆమె పోయాక చూస్తే పొయ్యి మీద పప్పు మాడిపోయింది. పిల్లలకు పెరుగన్నం కట్టి బడికి పంపాను.