గద్ద గుర్తు వెనక నిలబడినవాళ్లు

అనకాపల్లి కొత్త జిల్లా అయిన ఏడాది, వానలు మొదలయ్యే వేళకి నన్ను నర్సీపట్నం సబ్‌డివిజన్‌కి వేశారు. క్లూస్ టీమ్‌లో ఫోటోగ్రాఫర్‌ని, హోదా ఏఎస్సై. నేరం జరిగిన చోట ఎవరూ దేన్నీ ముట్టుకోకముందే ఫోటోలు తీయడం మా పని.

ఉద్యోగం పక్కనే నాకో పిచ్చి ఉండేది. రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ పోలీసుల ఫోటోలు సేకరించేవాణ్ణి. అసలువి కొన్నే, తక్కినవి ఇతర దేశాల సేకర్తలు పంపిన నకళ్లు. అక్కడి సైనికుడికి గద్ద గుర్తు ఛాతీ మీద ఉంటుంది. పోలీసుకి ఎడమ చేతి మీద, ఆకుల దండ మధ్యలో. తలమీద పొడవాటి గట్టి టోపీ. డ్యూటీ లేని మధ్యాహ్నాలు వాటిని చూస్తూ కూర్చుంటే, కొండల మీది మబ్బు క్వార్టర్లోకి దిగి వచ్చినట్టుండేది. ఏదో మంచు వీధిలో నేను నడుస్తున్నట్టు, ఆ టోపీలవాళ్లు ఎదురొచ్చి నాకు సెల్యూట్ కొట్టి పోతున్నట్టు అనిపించేది. ఎక్కడో దూరపు స్టేషన్లో నా తోటివాళ్లే కదా అనుకునేవాణ్ణి.

ఈ సంగతి ఎవరో చెబితే విని, కోటవురట్ల వైపు నుంచి పైడితల్లమ్మగారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, జీడితోటల రైతు కుటుంబం. ఆవిడ తండ్రి బ్రిటిష్ సైన్యంలో లారీ డ్రైవరుగా వెళ్లి, జర్మన్లకు ఖైదీగా చిక్కి, యుద్ధం అయ్యాక తిరిగొచ్చారట. తువ్వాల్లో చుట్టి తెచ్చిన ఫ్రేములో ఒక జర్మన్ పోలీసు నవ్వుతూ నిలబడ్డాడు.

“మా నాయన్ని ఆకలికి సావకుండా సూసినాయనండి. కంచె సందులోంచి రొట్టి ముక్క ఇచ్చేవోడంట. ఆకరికి ఈ ఫోటో సేతిలో పెట్టేడంట. నాయన బొమ్మ పక్కనే దండేసి ఉంచుతాం. తద్దినానికి పెద్దది సేసి పెట్టండి బాబూ” అన్నారు.

పాత ఫోటోని స్కాన్ చేశాక నీడల్లో ఏముందో చూడటానికి వెలుగు కొంచెం కొంచెం పెంచుతాం. అలా పెంచుతుంటే అతని వెనక గోడవార నల్లగా ఉన్న చోటు నుంచి ముఖాలు ఒక్కొక్కటే, నీళ్లలోంచి తేలినట్టు పైకొచ్చాయి. ఆడవాళ్లు, ఒక ముసలాయన, మూట పట్టుకున్న చిన్నపిల్ల. కోట్ల మీద కుట్టిన నక్షత్రాలు. ఆ నీడని అలాగే ఉంచి ప్రింటు ఇస్తే ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ ఆవిడ వచ్చినప్పుడు స్క్రీన్ ముందు కూర్చోబెట్టాను.

“వీళ్లేటి సేసేరు బాబూ?”

“ఏమీ చెయ్యలేదమ్మా. యూదులు. వాళ్లని గుర్తుపట్టడానికే ఆ నక్షత్రం కుట్టించేవారు. అలా పుట్టడమే అప్పటి ప్రభుత్వం కంటికి నేరం.”

“మరీయన?”

“కాపలా కాస్తున్నట్టున్నాడు. ఎక్కడికి తీసుకెళ్లారో ఈ ఫోటో చెప్పదు. అలా వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువమ్మా.”

ఆవిడ తెరకి దగ్గరగా జరిగి ఆ పిల్లనే చూశారు. బయట వాన పడుతోంది.

“నాయనకి రొట్టి ఇచ్చిన మాట నిజవే కదా?”

“ఆయన చెప్పారంటే నిజమే అయ్యుంటుంది.”

“ఈ పాపకి కూడా ఇచ్చుంటాడంటారా?”

నేను ఆ పిల్ల ముఖాన్ని తెర మీద ఇంకొంచెం పెద్దది చేశాను. అది చూసి ఆవిడ అన్నారు: “ఎవుర్నీ తీసెయ్యొద్దు. అందరూ కనపడేలా సెయ్యండి. ఈయనకి దండ మాత్రం ఇంక ఎయ్యను.”

తద్దినానికి పిలిస్తే వెళ్లాను. తండ్రి బొమ్మకి దండ ఉంది. పక్కన ఆ ఫోటోకి లేదు. దాని ముందు చిన్న ఆకులో అన్నం, పప్పు, అరటిపండు పెట్టి ఉన్నాయి. నేను చూడటం గమనించి, “ఆ పాపకండి” అన్నారు పైడితల్లమ్మగారు.

రిటైరయ్యాక కూడా సేకరణ మానలేదు. అయితే ఇప్పుడు కొత్త ఫోటో వస్తే టోపీ, పట్టీల కంటే ముందు అంచుల్లో ఎవరున్నారో చూస్తాను. యూనిఫాం మనిషి హోదా చెబుతుంది. ఆ రోజు అతను చేస్తున్న పనేమిటో తెలియాలంటే అతని ఎదుట, వెనక ఉన్నవాళ్లని చూడాలి.