గోడకు ఎదురుగా ఉన్న డిష్

రాష్ట్రం విడిపోయిన నాలుగైదేళ్లకు నన్ను పులివెందుల దగ్గర ఒక టీవీ రిలే కేంద్రానికి వేశారు. హోదా సీనియర్ ఇంజనీరింగ్ అసిస్టెంట్, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకు ఒక మెట్టు కింద. అప్పటికే పాత ఏరియల్ ప్రసారాలు తగ్గిపోయి, జనం డిజిటల్ డిష్‌లకు మారుతున్నారు. డిష్‌లు మా బాధ్యత కాకపోయినా, బొమ్మ రాకపోతే అందరూ మా గేటు దగ్గరికే వచ్చేవారు.

మార్చిలో ఒక పొద్దున తొండూరు వైపు పల్లె నుంచి ఓబులేసు అనే రైతు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గొర్రెలు అమ్మి మిద్దె మీద కొత్తగా ఒక గది వేసుకున్నాడట. పక్క మిద్దె అతని అన్న గంగన్నది. గది గోడ లేచినప్పటి నుంచి గంగన్న టీవీలో బొమ్మ ముక్కలై ఆగిపోతోంది. గోడే అడ్డమని ఇంజనీరు చెబితే దాన్ని తీసేయాలని ఊరి పెద్దమనుషులు తేల్చారు.

"మా యన్న గడ్డపార బయటికి తీసినాడు మేడం. మీరు రాకుంటే ఆయప్ప సాయంత్రందాకా ఆగడు" అన్నాడు.

మాకున్న ఒక్క సిగ్నల్ మీటరు ఆ వారం జమ్మలమడుగులో ఉంది. ప్రొద్దుటూరులోని మా అధికారికి ఫోన్ చేస్తే, మీటరు లేకుండా ఏదీ తేల్చి చెప్పొద్దన్నారు. ఓబులేసు గేటు దాకా పోతాడు, మళ్లీ వస్తాడు. నాకూ కూర్చోబుద్ధి కాలేదు. సగంపూట సెలవు పెట్టి, బ్లేడు, టేపు, రెండు కొత్త కనెక్టర్లు సంచిలో వేసుకుని అతని బండెక్కాను.

గంగన్న మిద్దె మీదే ఉన్నాడు. "డిష్ మూతి గోడ మీదికే ఉండాది. ఇంకేం చూడాల?" అన్నాడు.

చూడటానికి అలాగే ఉంది. అయితే ఇళ్ల మీద పెట్టే చిన్న డిష్ కాస్త వెనక్కి వాలి ఎదురుగా చూస్తున్నట్టు కనిపించినా, సిగ్నల్ వచ్చేది ఆగ్నేయం వైపు ఆకాశంలో బాగా పైనుంచి. ఆ మాట చెప్పాను. తమ్ముడు పిలుచుకొచ్చిన మనిషిని కాబట్టి గంగన్న నమ్మలేదు.

సెట్‌టాప్ బాక్స్ మెనూలో సిగ్నల్ నాణ్యత చూపే గీత ఒకటి ఉంటుంది. మీటరు లేనిచోట అదే మీటరు. గంగన్న భార్య సుబ్బమ్మను కింద టీవీ ముందు కూర్చోబెట్టి, ఓబులేసు భార్య లక్ష్మీదేవికి ఒక స్టీలు తాంబాళం ఇచ్చి మిద్దెపైకి రమ్మన్నాను. గోడ లేచాక తోడికోడళ్లకు మాటల్లేవు. ఇద్దరి ఫోన్లూ కలిపించి, స్పీకరు పెట్టించాను. తాంబాళాన్ని డిష్‌కు నాలుగడుగుల దూరంలో, డిష్ ఎత్తులోనే గోడ వైపు అడ్డం పెట్టమన్నాను.

"అక్కా, గీత తగ్గిందా?" లక్ష్మీదేవి ఫోన్లో అడిగింది.

"లేదు. అట్లే ఉండాది."

డిష్ ముందుకు వచ్చి తలపైకి ఎత్తమన్నాను.

"పోయింది. గీతే పోయింది."

గంగన్న తాంబాళం లాక్కుని రెండుసార్లు తనే పెట్టి చూశాడు. "నిజంగానే పోతాందా?" అని ఫోన్లో అడిగాడు. "నేను అబద్ధం చెప్తాన్నా?" అంది సుబ్బమ్మ.

గోడ అడ్డం కాదని తేలింది. ఇక డిష్ నుంచి వచ్చే కేబుల్ విప్పాను. కనెక్టరు పచ్చగా చిలుము పట్టి ఉంది, లోపలి నుంచి నీటిచుక్క జారింది.

"వాన పడి శానా దినాలాయ. ఈ నీళ్లు యాడియి?" అన్నాడు గంగన్న.

చెప్పక తప్పలేదు. కొత్త గోడను తడిపినప్పుడు పడ్డ నీళ్లవి. ఓబులేసు తల దించుకున్నాడు. గంగన్న అతని వైపు తిరిగాడు. ఆ క్షణాన దిగి వెళ్లిపోదామనిపించింది. ఫోన్ ఇంకా కలిసే ఉంది. అందులోంచి సుబ్బమ్మ, "నీళ్లు పడినాయని గోడ పగలగొడతారా ఎవురన్నా? దిగి రాండి" అంది.

కేబుల్ చివర కోసి, కొత్త కనెక్టరు వేసి, టేపు చుట్టాను. బొమ్మ నిలిచింది. గంగన్న మిద్దె దిగిపోయాడు.

మీటరు తిరిగొచ్చాక వెళ్లి రీడింగు చూసి అధికారికి తెలిపాను. గోడ అలాగే ఉంది. అన్నదమ్ములు ఇంకా మాట్లాడుకోవడం లేదు, ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

గోడ అడ్డం కాదని నోటితో చెప్పి వచ్చేసి ఉంటే, అది తమ్ముడి తరఫు మాటగా మిగిలేది. అనుమానం ఎవరిదో పరీక్ష వాళ్లచేతే చేయించాలి. అందులో ఎవరికీ నచ్చని సంగతి బయటపడినా దాచకూడదు. రిటైరయ్యే దాకా నేను ఆ పద్ధతే పాటించాను.