చివరి చరణంలో సాలెబిడ్డ

మా సిరిసిల్లలో ఏకాదశి భజన అంటే పాత వాగ్గేయకారులందరూ వరుసగా వచ్చి కూర్చునే సభ. ముందు కొండమీది దేవుడికి పదాలు కట్టినవాడు, తర్వాత చెరసాలలోంచి రాముణ్ణి నిలదీసినవాడు, ఆ తర్వాత కావేరి ఒడ్డున కూర్చుని కీర్తనలు పాడినవాడు. అందరి తర్వాత, మిగిలిన కాస్త పొద్దులో, మా సాలెవాడలో నేతవాళ్లు కట్టుకున్న పాటలు. ఎవరి పాటకైనా చివరి చరణంలో ముద్ర ఉంటుంది. కట్టినవాడు తన పేరో, కులమో, ఊరి దేవుణ్ణో చెప్పుకునే చోటు అది. ముద్ర పాడందే మా దగ్గర పాట పూర్తయినట్టు కాదు. పూర్తికాని పాట మీద హారతి ఇవ్వరు. ఈ నియమం నేను పెట్టలేదు, మగవాళ్లే పెట్టారు.

నేను హైదరాబాదులో బి.ఏ. చదివి, మహారాష్ట్ర సరిహద్దులోని భైంసాలో ఆడపిల్లల బడికి పంతులమ్మనై వెళ్లిన రోజులవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. అక్కడ మా పక్కింటి మరాఠీ ఆడవాళ్లు వత్తులు చేసుకుంటూ తమ భక్తిపాటలు, అభంగాలు పాడేవారు. కుమ్మరి కట్టినవి, దర్జీ కట్టినవి, పరాయి ఇంట్లో తిరగలి తిప్పిన దాసి కట్టినవి. ఆ దాసి కూడా చివర్లో తన పేరు దర్జాగా చెప్పుకుంటుంది. విన్నకొద్దీ నాకూ ఒక పాట కట్టాలనిపించింది. కట్టాను.

వేసవి సెలవులకు వచ్చి అవ్వకు, అదే మా అమ్మకు, వినిపించాను. మగ్గానికి నూలు కండెలు చుడుతున్న అవ్వ రాట్నం ఆపి, మళ్లీ పాడమంది. వాడలో ఆడవాళ్లు నేర్చుకున్నారు. వాళ్ల నోటి నుంచి అది భజనకు పోయింది. నా పాటకు హార్మోనియం ఎత్తుకున్నారని తెలిసినప్పుడు పొంగిపోయాను. ఎందుకు దాచాలి?

ఆ ఏకాదశికి నేనూ వెళ్లి ఆడవాళ్లలో కూర్చున్నాను. చివరి చరణం నేను కట్టింది ఇది: “తెగిన పోగు నువ్వే అతకాలె సామీ, సాలెబిడ్డ అడిగింది.” భజన పెద్ద, మాకు వరసకు పెదనాన్న, పెద్దబాపు, కళ్లు మూసుకుని భక్తిగా పాడాడు: “నీ దాసుడు వేడిండు.”

ఆయన పాడింది మేం అందుకోవాలి. నేను అందుకున్నాను, గట్టిగా: “సాలెబిడ్డ అడిగింది.”

ఆయన కళ్లు తెరిచాడు. మళ్లీ దాసుడన్నాడు. నేను మళ్లీ సాలెబిడ్డ అన్నాను. ఈసారి నా పక్కన అవ్వ గొంతు కూడా కలిసింది. తాళాలు ఆగిపోయాయి.

“ఏంది పంతులమ్మా, భజనల గీ లొల్లి?”

“లొల్లి నాది గాదు పెద్దబాపూ, పాట నాది. నేను దాసుడ్నెట్లయిత?”

“దేవుని ముంగట కులమెందుకు, ఆడ మగ ఎందుకు బిడ్డా? అందరం దాసులమే.”

“మరి ఇందాక పాడిన పాటలల్ల ఒక్కని ముద్రన్న తీసిండ్రా? వాళ్లందరికి పేరుండాలె, నాకొక్కదానికే వైరాగ్యమా?”

ఆడవాళ్లు నవ్వారు. తబలా ఆయన తల దించుకున్నాడు గానీ, ఆయన భుజాలు ఊగడం నేను చూశాను.

“వాళ్లు మహానుభావులు. నీకూ వాళ్లకూ పోలికనా?”

“మొదటి పాట కట్టిన్నాడు వాళ్లు మహానుభావులేం గాదు. గప్పుడే ఎవలన్న వాళ్ల ముద్ర తీసేసుంటె, ఇయ్యాల మీకు మొక్కనీకె ఎవలుందురు?”

మగవాళ్లలోంచి నన్ను కన్న బాపు లేచాడు. “కూసో బిడ్డా. రేపు బజార్ల నేను తలెత్తుకోవాలె.”

“తల దించుకునే పని నేనేం చెయ్యలే బాపూ.”

హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ ముసలాయన విసుక్కున్నాడు. “జర తేల్చుండ్రి. గుగ్గిళ్లు సల్లారుతున్నయ్.”

“తేల్చెడిదేం లేదు,” అన్నాడు పెద్దబాపు. “గీ పాటే వద్దు మనకు.”

ఒక్క మాట తగ్గితే పాట నిలుస్తుంది, ప్రతి ఏకాదశికీ పాడతారు. కానీ అప్పుడు వాళ్లు పాడేది ఎవడో దాసుడి పాట.

“వద్దంటె వద్దు,” అన్నాను. “పాట ఉంచుకొని నన్ను తీసేసుడు మాత్రం కుదరదు.”

వెంటనే పాతకాలపు కీర్తన ఒకటి అందుకుని, ఆ మహానుభావుడి పేరు మామూలు కంటే గట్టిగా పాడి హారతి ఇచ్చారు. నేను లేచిపోలేదు. గుగ్గిళ్లు అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాను.

చదువు తలకెక్కిందన్నారు. భైంసా నీళ్లు పడలేదన్నారు. అరుగుల మీద కండెలు చుట్టే ఆడవాళ్లు మాత్రం ఆ పాట వదల్లేదు, ముద్రతో సహా పాడుతూనే ఉన్నారు. కొన్నేళ్లకు, వాడలో అక్కడక్కడా పవర్‌లూమ్‌ల చప్పుడు మొదలయ్యాక, పెద్దబాపు కొడుకు మా ఇంటికి వచ్చాడు. భజన ఇప్పుడు అతని చేతిలో ఉంది.

“పాట మంచిగుంటదక్కా, అందరు అడుగుతున్నరు. దాసుడనం. సాలెబిడ్డ అని గూడ అనం. ఉత్తగ ‘భక్తులు అడిగిండ్రు’ అంటం. ఏమంటవ్?”

“భక్తులందరు కూసొని కట్టిండ్రా తమ్మీ?”

అతను నవ్వి తల గోక్కున్నాడు. చాయ్ పెట్టి ఇచ్చాను. తాగి వెళ్లిపోయాడు. పాట మాత్రం నేను ఇవ్వలేదు.